టీలో మునగని బిస్కెట్

అట్లాంటాలో ఒక టిఫిన్ హోటల్లో, శనివారం పొద్దున, మనవాడొకడు "టీ, బిస్కెట్లు" అన్నాడు. మనవాడంటే ఎవరని అడక్కండి. చొక్కా మీద మరక ఇంకా పోలేదు.

టీ అంటే ఐసుముక్కలేసిన పంచదార పానకం వచ్చింది. అమెరికా దక్షిణాదిలో వట్టి 'టీ' అంటే అదే. కాదమ్మా, వేడిది అంటే కప్పునిండా వేణ్ణీళ్లు, పక్కన దారం కట్టిన పొట్లం. పాలు విడిగా అడుక్కోవాలి. అడుక్కున్నాడు.

తర్వాత బిస్కెట్లు. రెండు. ఒక్కొక్కటి మూడంగుళాల వెడల్పు, అంగుళంన్నర ఎత్తు, మెత్తగా, పొగలు కక్కుతూ. ఒకదాని మీద తెల్లగా, చిక్కగా ఏదో పోసి మిరియాల పొడి చల్లారు. కొబ్బరి చట్నీ అనుకున్నాడు పాపం. అది పంది మాంసం సాసేజీ వేయించిన కొవ్వులో మైదా కలిపి, పాలు పోసి ఉడికించిన గ్రేవీ. శనివారమని ముందే చెప్పాను, ఇంట్లో తెలియనివ్వకండి.

పొడిగా ఉన్న రెండోదాన్ని టీలో ముంచబోయాడు.

ఇక్కడ ముంచడం గురించి కాస్త చెప్పుకోవాలి. ఉస్మానియా బిస్కెట్‌ని అంచు పట్టుకుని సగం దించి, ఒకటి, రెండు అని లెక్కపెట్టి, విరగబోయే ముందు నోట్లో వేసుకోవాలి. మూడు దాకా ఆగితే కప్పు అడుగున బురద. మన బిస్కెట్ ఓవెన్లో ఎండిపోయి లోపల తడి అన్నది లేకుండా అవుతుంది కాబట్టే టీని అంతలా పీలుస్తుంది. ఆ మాటకు లాటిన్‌లో అర్థమే 'రెండుసార్లు కాల్చినది'. అమెరికాది ఒక్కసారే కాలుతుంది, అదీ పావుగంట లోపే. లోపలంతా తడి, పొరలు పొరలు. పేరు ఒకటే, జాతి వేరు. ఇంగ్లండులో దీనికి దగ్గరి చుట్టం స్కోను. దాన్ని వాళ్లు జామూ మీగడా రాసుకుని మర్యాదగా తింటారు.

సరే, కప్పు మూతి మూడంగుళాలు. బిస్కెట్ మూడంగుళాలు. వెళ్లి కప్పుకి మూతలా కూర్చుంది. దిగదు, రాదు. పక్క టేబుల్ పిల్లాడు తినడం మానేసి చూస్తున్నాడు. మనవాడు బొటనవేలితో చిన్నగా నొక్కాడు. పైపొర ఊడి చేతికొచ్చింది, కిందిది దబ్బున టీలో పడింది, టీ చొక్కా మీదికొచ్చింది. సరిగ్గా అప్పుడే వడ్డించే అమ్మాయి వచ్చి "అంతా బాగుందా, హనీ?" అంది. చాలా బాగుందన్నాడు.

అలా పొరలుగా విడిపోవడం తప్పు కాదు, అదే దాని గొప్ప. 250 గ్రాముల మైదా, ఒక టేబుల్‌స్పూను బేకింగ్ పౌడరు, ఒక టీస్పూను ఉప్పు, అందులో 85 గ్రాముల గడ్డకట్టిన వెన్న. బఠాణీ గింజలంత ముక్కలు మిగలాలి. ఓవెన్లో అవి కరిగి, అందులోని నీరు ఆవిరై పొరల్ని లేపుతుంది. చేతివేడికి ముందే కరిగిందా, పొరల్లేవు. తర్వాత 180 మిల్లీలీటర్ల బటర్‌మిల్క్. అదేదో మజ్జిగే కదా అని మన పల్చటి మజ్జిగ పోస్తే దోశె పిండి అవుతుంది. వాళ్లది చిలికిన పెరుగంత చిక్కన. అచ్చుతో కోసేటప్పుడు నిటారుగా నొక్కి తీసేయాలి. తిప్పితే అంచులు అతుక్కుపోయి పైకి లేవదు. 230 డిగ్రీల సెల్సియస్‌లో 12 నుంచి 15 నిమిషాలు. అమెరికా ఓవెన్ మీద 450 ఫారెన్‌హీట్ అని ఉంటుంది, కంగారుపడకండి.

మెనూలో ఇదంతా రాయమనడం లేదు. కానీ 20 గానీ అంతకు మించి గానీ శాఖలున్న హోటళ్లు కేలరీలు వేసి తీరాలని 2018 నుంచి ఆ దేశంలో నిబంధన అమల్లో ఉంది. బిస్కెట్ పక్కన కేలరీలు అంకెతో సహా ఉన్నాయి. అది బిస్కెట్ కాదన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు! ఎన్ని కేలరీలో తెలిసి ఏం చేసుకోను, ఏం తింటున్నానో తెలియనప్పుడు?

బ్రిటన్ వాళ్లు నయం, ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. అక్కడ చాక్లెట్ పూసిన బిస్కెట్‌కి వ్యాట్ ఉంది, కేకుకి లేదు. నారింజ జెల్లీ వేసి పైన చాక్లెట్ పూసిన చిన్న బిళ్ల, జాఫా కేకు, దేని కిందికొస్తుందని 1991లో విచారణ. నిలవుంటే గట్టిపడేది కేకు, మెత్తబడేది బిస్కెట్ అన్నది అప్పుడు చూసిన లక్షణాల్లో ఒకటి. కేకే అని తేల్చారు. వానాకాలంలో డబ్బా మూత సరిగా పెట్టని ఏ అమ్మమ్మనడిగినా ఉచితంగా చెప్పేది. గ్రేవీ కింద మిగిలిన ముక్క పార్సిల్‌లో తెచ్చాడు, ఇవాళ పొద్దున చూస్తే రాయి. లండన్ లెక్కన అది కేకు.

ఇంతకీ మనవాడు అడగాల్సిన మాట 'కుకీ' అట. బిల్లు కట్టే ముందు అదీ అడిగాడు. ఉంది, కానీ పిల్లల మెనూలో ఉంది, పన్నెండేళ్లు దాటినవాళ్లకి ఇవ్వం హనీ, అంది.