నడుములో దాక్కోవలసిన చిట్టి పిస్టల్ గారికి

మహారాజశ్రీ చిట్టి పిస్టల్ గారి సముఖమునకు,

కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారి ఒకడు నమస్కరించి రాయు విన్నపం. ఇక్కడ అందరం క్షేమం. తమరు ఏ ఫ్యాక్టరీలో ఏ పెట్టెలో పడుకుని ఉన్నారో గానీ, మూడు నెలలుగా మా ఇంట్లో తమరి మాటే. పెళ్ళిచూపుల నాడు కూడా నేను ఇంత తర్జనభర్జన పడలేదు. ఆ సంగతి మా ఆవిడ దగ్గర ఎత్తకండి.

ముందు లైసెన్సు ముచ్చట. దరఖాస్తు కలెక్టరు గారికి, విచారణ పోలీసులకి. "మీ ప్రాణానికి ఎవరివల్ల ముప్పు?" అని అడిగారు. నోట మాట రాలేదు. ముప్పై ఏళ్ళు వ్యాపారం చేసి ఒక్క శత్రువునైనా సంపాదించుకోలేకపోయానని అప్పుడే తెలిసింది. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "మనకి బాకీ ఉన్నోళ్ళు బోలెడుమందున్నారు కదేటండీ" అంది. వాళ్ళు నన్ను చూస్తే సందులోకి తప్పుకుంటారు గానీ మీదకొస్తారా? ఆఖరికి, సీజనులో ఉద్దానం తోటలకి జీడిపిక్కలు కొనడానికి డబ్బు సంచీతో వెళ్తుంటానని రాయించాను.

అసలు కారణం కాయితం మీద పెట్టేది కాదు. మా వీధిలోనే ఇంకో వ్యాపారికి పదేళ్ళుగా తమరి జాతిది ఒకటుంది. పెళ్ళిలో బంతికి కూర్చునే ముందు ఒక్కసారి లాల్చీ కుడిపక్క సర్దుకుంటాడు, అంతే. వడ్డించేవాడు ఆ విస్తట్లో రెండు గారెలు ఎక్కువ వేస్తాడు. నాకు కావలసింది ఆ రెండు గారెలు.

డాలస్‌లో మా మేనల్లుడున్నాడు. పౌరసత్వం వచ్చిన వారంలోనే ఒకటి కొన్నాడు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్ళు నిండి చట్టం అడ్డు లేనివాడెవడైనా పర్మిట్ లేకుండానే చొక్కా కింద పెట్టుకు తిరగొచ్చట. వాడు ఫోనులో పాఠం మొదలెట్టాడు. "గ్లాక్ 19 తీసుకో మావయ్యా, 15 తూటాలు. దాగదనుకుంటే సిగ్ పీ365, 2018లో వచ్చింది, అరచేతంత ఒంట్లో 10 తూటాలు." నేను శ్రద్ధగా రాసుకున్నాను. తీరా కనుక్కుంటే ఆ రెండూ 9 ఎంఎం బోరువి, బోరంటే గొట్టం కంత కొలతట. మన దేశంలో అది నిషిద్ధ బోరు, పోలీసులకీ మిలటరీకీ తప్ప నాబోటి వాడికి అందదు. నాబోటివాడికి అందే బోర్లలో పాయింట్ 32, పాయింట్ 22 ఉన్నాయి. పాయింట్ 32 అనగానే ప్రాణం లేచొచ్చింది. మా పప్పులో 320 రకం ఉంది, పౌనుకి మూడొందల ఇరవై పలుకులు తూగేది. పేరైనా చుట్టరికం కలిసింది.

కాన్పూరులో 2014లో 'నిర్భీక్' అని తీశారు. పాయింట్ 32, ఆరు తూటాలు, అరకిలో బరువు, అప్పటి ధరే లక్షా ఇరవై వేల పైచిలుకు. ఆడవాళ్ళకోసం చేశారని నోరు జారాను. "అయితే నా హేండుబేగులో పెట్టుకుంటాను, మీకెందుకు?" అంది మా ఆవిడ. దాన్ని అక్కడే వదిలేశాను. 'నిడర్' అని ఇంకోటుంది, పాయింట్ 22, పావుకిలో. అవి రెండూ తూటాల చక్రం తిరిగే రివాల్వర్లు, తమరి శాఖ కాదు. తమరి శాఖలో బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ వారి 'అశని' ఉంది. అశని అంటే పిడుగు. బొడ్డు పక్కన పిడుగు కట్టుకుని కునుకు తీయాలన్నమాట.

మూడు నెలలు ఇలా గడిచాక చట్టం చదివాను. ముందే చదవాల్సింది. 2016 ఆయుధాల నియమాల ప్రకారం, బయటికి తీసుకెళ్తే తమర్ని ఒరలో పెట్టి పూర్తిగా కప్పేయాలట. ఎవరికీ కనబడకూడదట! పెళ్ళిళ్ళలో బయటికి తీసి ఊపినా తప్పేనట. లక్ష పోసి కొన్న వస్తువు ఉందని ఎవరికీ తెలియకపోతే ఇక గారెలెలా పడతాయండీ?

అయినా పట్టుదల కొద్దీ ప్రయోగం చేశాను. అరకిలో జీడిపప్పు ప్యాకెట్టు నిర్భీక్‌తో సరితూకం. దాన్ని మొలతాడుకి కట్టుకుని, పైన పొందూరు ఖద్దరు లాల్చీ తొడుక్కుని బజారుకి బయల్దేరాను. పొందూరు బట్ట సంగతి తమరికి తెలియదు. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, నూరో నంబరు నూలు తీసి నేస్తారు. అంత సన్నం. ఆ సన్నంలోంచి ప్యాకెట్టు నాలుగు మూలలూ అచ్చు పడ్డాయి. పది అడుగులు వేశానో లేదో మా షడ్డకుడు ఎదురయ్యాడు. "ఏటి బావా, హెర్నియానా? ఆపరేషనుకి దాచుకోకూడదు, శ్రీకాకుళం ఎల్లిపోదాం పద." కిళ్ళీకొట్టు దగ్గర ఇద్దరు జాలిగా చూశారు. మధ్యాహ్నానికి చెమటకి ప్యాకెట్టు తడిసి జారి కిందికి దిగింది. ఆ తర్వాత నా నడక చూసినవాళ్ళు ఏమనుకున్నారో ఇక్కడ రాయను. సముద్రపు గాలీ ఈ చెమటా కలిస్తే ఇనుము మా ఊళ్ళో ఎన్నాళ్ళుంటుందో తమరే ఊహించుకోండి.

గాంధీగారు మెచ్చిన బట్ట కింద తమర్ని దాచడమేమిటని మా ఆవిడ అడగలేదు గానీ నాకే తట్టింది. 1948 జనవరి 30న ఆయన ఎదుటికి వచ్చింది కూడా తమరి వంశమే. బెరెట్టా 1934, జేబులో పట్టేది. అది చాలా బాగా దాగింది. ఈ మాటకి తమరు నొచ్చుకుంటే నొచ్చుకోండి.

ఇంకో సంగతి. తమరు ఎంత చిన్నవారైతే అంత ఎగురుతారని మేనల్లుడే ఒప్పుకున్నాడు. బరువు లేక చేతిని తంతారట. పిడి పొట్టిదై చిటికెన వేలు గాల్లో వేలాడుతుందట. దాక్కోవడం వస్తే గురి రాదు, గురి వస్తే దాక్కోరు. పోనీ ఇంట్లో బీరువాలోనైనా ఉంటారా అంటే, ఎన్నికలొచ్చినప్పుడు స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోమంటారు. ఊళ్ళో కొట్లాటలయ్యేదే అప్పుడు కదండీ.

అంచేత తమరి రాక మరి కొన్నాళ్ళు వాయిదా. ప్రయోగానికి వాడిన అరకిలో పప్పూ మా ఆవిడ కడిగి ఎండబెట్టి బెల్లంపాకం పట్టేసింది. నేను మాత్రం ముట్టలేదు.

ఇట్లు,
తమరి కాబోయిన యజమాని,
నడుము 42

తా.క.: మేనల్లుడు మళ్ళీ ఫోను చేశాడు. నడుము కుదరకపోతే చీలమండకి కట్టుకోమంటున్నాడు, దానికీ ఒర దొరుకుతుందట. నేను వంగి చీలమండ అందుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. మీదకొచ్చినవాణ్ణి అంతసేపూ కుర్చీ వేసి కూర్చోబెట్టాలి.