అడిగిన రోజే మందు మొదలుపెట్టాలి

హెరాయిన్ కావచ్చు, ఒకప్పుడు డాక్టరే రాసిచ్చిన నొప్పి మాత్రలు కావచ్చు, ఓపియాయిడ్లకు, అంటే నల్లమందు తరహా మందులకు, అలవాటుపడి మానలేకపోతున్న మనిషి తనంతట తానే ఆసుపత్రికి వచ్చి 'నన్ను దీన్నుంచి బయటపడేయండి' అని అడగడానికి చాలా ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఎక్కువ రోజులు నిలవదు. అలాంటి రోజున చేతికి మందు అందాలి. చాలాచోట్ల అందేది వచ్చే నెల అపాయింట్‌మెంట్, దాంతోపాటు నాలుగు నీతులు. నెల రోజులు ఓర్చుకోగలిగే మనిషైతే అసలు అక్కడిదాకా వచ్చేవాడే కాదు.

ఓపియాయిడ్ల మీద తహతహనూ, మానినప్పటి బాధనూ తగ్గించే మందులు కొత్తవి కావు. మెథడోన్ చికిత్స 1960ల నుంచి ఉంది. దాన్నీ బుప్రెనార్ఫిన్‌నూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. స్వీడన్‌లో జరిగి 2003లో వెలువడిన ఒక అధ్యయనం చిన్నదే అయినా మరిచిపోలేనిది. హెరాయిన్ వాడే 40 మందిలో సగం మందికి ఏడాది పాటు రోజూ బుప్రెనార్ఫిన్ ఇచ్చారు. మిగతా సగానికి ఆరు రోజుల్లో మందు తగ్గించేసి, తర్వాత మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. కౌన్సెలింగ్ అందరికీ ఒకటే. ఏడాది తిరిగేసరికి మందు అందినవాళ్లలో నూటికి 75 మంది చికిత్సలో ఉన్నారు. రెండో జట్టులో ఒక్కరూ మిగల్లేదు, నలుగురు చనిపోయారు. మనోబలం ఉంటే చాలు, మందులెందుకు అనేవాళ్లు ఆ నలుగురి గురించి ఒక్కసారి ఆలోచించాలి.

మొదటి రోజు ఎలా గడుస్తుందోనన్న భయంతోనే చాలామంది వెనకాడతారు. బుప్రెనార్ఫిన్‌కు ఓ గుణం ఉంది. మెదడులో ఓపియాయిడ్లు పట్టుకునే చోటునే అదీ పట్టుకుంటుంది, ఇంకా గట్టిగా. ఒంట్లో హెరాయిన్ ఉండగానే వేస్తే దాన్ని తోసేసి కూర్చుంటుంది, కానీ దానంత పని చేయదు. దాంతో మత్తు అందనప్పుడు వచ్చే విత్‌డ్రాయల్ బాధ అంతా ఒక్కసారే మీద పడుతుంది. అలా దెబ్బతిన్న మనిషి మళ్లీ రాడు, తోటివాళ్లనూ రానివ్వడు. అందుకే ఆగాలి. హెరాయిన్ అయితే కనీసం 12 గంటలు, మెథడోన్ నుంచి మారేవాళ్లు ఇంకా ఎక్కువ. ఫెంటానిల్ అనే మరో ఓపియాయిడ్ కొవ్వులో పేరుకుని నెమ్మదిగా వదులుతుంది కాబట్టి దానితో మరింత జాగ్రత్త. వరుసగా ఆవలింతలు, కంటివెంట నీళ్లు, చేతులమీద నిక్కబొడుచుకున్న రోమాలు, పెద్దవైన కంటిపాపలు, ఒకచోట నిలవని కాళ్లు. ఇవి విత్‌డ్రాయల్ మొదలైందనడానికి గుర్తులు. నర్సు ఇవన్నీ చూసి అది ఎంత ఉందో స్కోరు వేస్తారు. అప్పుడు రెండో నాలుగో మిల్లీగ్రాముల మాత్ర నాలుక కింద పెడతారు. మింగకూడదు, కరిగేదాకా మాట్లాడకూడదు. సరైన సమయంలో వేస్తే చాలామందికి గంటా రెండు గంటల్లోనే ఒళ్లు తేలికపడుతుంది. ఆ తర్వాత అవసరాన్ని బట్టి డోసు పెంచుతారు.

మెథడోన్‌కు ఇంతసేపు ఆగనక్కర్లేదు. కానీ నిన్నటి డోసు ఒంట్లో ఉండగానే ఇవాళ్టిది తోడవుతుంది కాబట్టి తొలి రెండు వారాలు ప్రమాదకరం. తక్కువ డోసుతో మొదలుపెట్టి నిదానంగా పెంచాలి. ఈ మందులు ఏవైనా సరే మద్యంతో, నిద్రమాత్రలతో కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు. ఈ మాట రోగికే కాదు, ఇంట్లోవాళ్లకూ చెప్పాలి.

ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగడుతున్నారన్న విమర్శ ఎప్పుడూ ఉన్నదే. నిజమే, ఈ మందులకూ ఒళ్లు అలవాటు పడుతుంది, ఉన్నట్టుండి ఆపితే బాధ ఉంటుంది. కానీ సరైన డోసు మీద ఉన్న మనిషి మత్తులో తూలడు. పొద్దున్నే సరుకు కోసం అప్పులకు, దొంగతనాలకు పరుగెత్తనక్కర్లేకుండా పనికి వెళ్తాడు, పిల్లల్ని బడికి పంపుతాడు. ఆ తేడా ఇంట్లోవాళ్లకు బాగా తెలుసు. అయినా కొద్ది నెలలకే 'ఇంకెన్నాళ్లీ మాత్రలు' అని వాళ్లే ఒత్తిడి తెస్తారు. ప్రేమతోనే అంటారు, కాదనం. కానీ మందు ఆపాక తట్టుకునే శక్తి తగ్గిన ఒంట్లోకి మత్తుమందు మళ్లీ పాత డోసులో వెళ్తే ప్రాణమే పోవచ్చు. జైలు నుంచి, మందులివ్వని డీ-అడిక్షన్ కేంద్రాల నుంచి బయటికొచ్చినవాళ్లు తొలి వారాల్లో ఎక్కువగా చనిపోయేది ఇందుకే. ఎన్నాళ్లు వాడాలన్నది రోగీ డాక్టరూ కలిసి తేల్చుకోవాల్సిన విషయం.

అమెరికాలో 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో ఎమర్జెన్సీ వార్డులోనే బుప్రెనార్ఫిన్ మొదలుపెట్టిన వాళ్లలో 78 శాతం మంది నెల తర్వాత చికిత్సలో ఉన్నారు. చికిత్స దొరికే చోటు చిరునామా చెప్పి పంపినవాళ్లలో అలా మిగిలింది 37 శాతమే. కాబట్టి ఎమర్జెన్సీ ఉన్న ప్రతి ఆసుపత్రీ ఈ చికిత్స అక్కడే మొదలుపెట్టాలి, తర్వాతి క్లినిక్‌కు చేరేదాకా సరిపడా మందు చేతిలో పెట్టాలి, ఓవర్‌డోస్ అయితే ఊపిరి తిరిగి తెప్పించే నలోక్సోన్ ఎలా వాడాలో ఇంట్లో ఒకరికైనా నేర్పి పంపాలి. ఆరోగ్య శాఖలు ఇందుకు ప్రత్యేక అనుమతుల కోసం డాక్టర్లను తిప్పించుకోవడం మానాలి.