సెల్లార్‌లో స్టాండ్ పంచాయితీ

విశాఖలో కొండవాలు మీద కట్టిన అపార్ట్‌మెంట్ మాది. మొన్న ఆదివారం సెల్లార్‌లో ఐదు బళ్లు పేకముక్కల్లా వరసగా పడ్డాయి. మర్నాడు లిఫ్ట్ పక్కన నోటీసు వెలిసింది: "ఇకపై బండి ఎవరిదైనా డబుల్ స్టాండే వెయ్యాలి. సైడ్ స్టాండ్ నిషేధం." అంటించింది సెక్రటరీ గారు. ఒప్పుకోనన్నది 302 ఫ్లాట్ కుర్రాడు. సాయంత్రం మీటింగ్‌లో ఇద్దరూ వాదించుకున్నది నాకు గుర్తున్నంత మేర రాస్తున్నా.

సెక్రటరీ: చెప్పు బాబూ, డబుల్ స్టాండ్ వేస్తే నీ సొమ్మేం పోయింది?

302: సొమ్ము పోదు అంకుల్, నడుం పోతుంది. నా బుల్లెట్ 195 కిలోలు. నేనంటే ఎలాగో ఎక్కిస్తాను. 204లో టీచర్ గారి సంగతేంటి?

సెక్రటరీ: అది బలం పని కాదయ్యా, కిటుకు. స్టాండ్ కాళ్లు రెండూ నేలకి ఆనాయో లేదో ముందు పాదంతో తడిమి చూడాలి. ఒకటే ఆనితే బండి మెలి తిరుగుతుంది. రెండూ ఆనాక ఒంటి బరువంతా స్టాండ్ మీదున్న నీ కాలి మీద వేసి తొక్కు. చెయ్యి ఊరికే దారి చూపిస్తే చాలు, బండి దానంతటదే వెనక్కెక్కి కూర్చుంటుంది.

302: కూర్చున్నాక వెనక చక్రం గాల్లో ఉంటుందా లేదా?

సెక్రటరీ: ఉంటే?

302: నా అభ్యంతరం అక్కడే. సైడ్ స్టాండ్ వేస్తే రెండు చక్రాలూ నేల మీదే ఉంటాయి. ఇంజన్ ఆపి ఫస్ట్ గేర్‌లో వదిలేస్తే వెనక చక్రం బిగుసుకుపోతుంది. ముందుకు తోసినా కదలదు. మీ డబుల్ స్టాండ్‌కి గేర్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పిల్లలు వెనక నుంచి ఒక్క తోపు తోశారంటే స్టాండ్ మడుచుకుని బండి దిగిపోతుంది.

సెక్రటరీ: ముందు చక్రం నేల మీదే కదా ఉంది? బ్రేకు బిగించి కట్టు. మా రోజుల్లో సైకిల్ ట్యూబు ముక్క కోసి బ్రేక్ లివర్‌కి చుట్టేసేవాళ్లం. సరే, నీ సైడ్ స్టాండ్ సంగతి చెప్పు. బండి బరువు మోసేది ఒక్క కాలు, దాన్ని పట్టి ఉంచేది ఒక్క స్ప్రింగు. ఈ సముద్రం గాలికి గేటు కీళ్లే ఉప్పు పట్టి పొడిపొడిగా రాలుతున్నాయి, నీ స్ప్రింగు ఓ లెక్కా?

302: తుప్పు పడితే స్ప్రింగు మార్చుకుంటాం. కాలు ఊగుతుంటే బోల్టు బిగిస్తాం. పీట కాలు ఊగిందని పీట పారేసుకుంటామా?

(ఇక్కడ 204 టీచర్ గారు నవ్వారు. సెక్రటరీ గారికి నచ్చలేదు.)

సెక్రటరీ: మాటలకేం తక్కువ లేదు. మరి ఆదివారం ఐదు బళ్లూ పడింది సైడ్ స్టాండ్ మీంచే కదా? అన్నీ ఎడమకి ఒరిగి ఉన్నాయి, ఒకటి పడితే పక్కది, పక్కది పడితే ఇంకోటి. నిలువుగా ఉంటే ఈ తంటా వచ్చేదా?

302: నిలువుగా ఉన్నదాన్ని పక్క బండి గుద్దితే పడదా అంకుల్? అది సరే, సీసీ కెమెరాలో చూశాను. ముందు పడింది ఆ చివరి స్కూటీ. ఎవరిదో మీకు తెలుసు.

సెక్రటరీ: ...మా అమ్మాయిది.

302: ఎవరూ ముట్టుకోలేదు. రాంపు దిగాక నేల ఇంకా కొంచెం వాలుగానే ఉంటుంది కదా, నీళ్లు కాలవలోకి పోవడానికి. స్కూటీ ముక్కు ఆ దిగువకి పెట్టి ఉంది. మెల్లగా జానెడు ముందుకు జరిగింది. స్టాండ్ అడుగు ఉన్నచోటే ఆగిపోయింది, బండి మాత్రం ముందుకెళ్లింది. అంతే, స్టాండ్ వెనక్కి మడుచుకుంది. సైడ్ స్టాండ్ తెరుచుకునేది ముందుకి, మూసుకునేది వెనక్కి. ముక్కు పల్లానికి పెడితే స్టాండ్‌ని మనమే మూసినట్టు.

సెక్రటరీ: గేర్ వేస్తే కదలదన్నావు?

302: స్కూటీకి గేర్ ఎక్కడిది? ఇంజన్ ఆగితే క్లచ్ వదిలేస్తుంది, చక్రం గిరగిరా తిరుగుతుంది. దానికి మాత్రం మీ డబుల్ స్టాండే కరెక్టు, ఒప్పుకుంటాను. కానీ ముక్కు మెరక వైపు ఉండాలి. అప్పుడు బండి వెనక్కి జారాలని చూసినా స్టాండ్ ఇంకా బిగుసుకుంటుందే తప్ప మడుచుకోదు. పల్లానికి పెడితే మీ డబుల్ స్టాండూ దిగిపోతుంది.

(నన్నడిగితే గొడవ ఇక్కడితో తేలిపోయింది. కానీ మీటింగ్ అన్నాక అక్కడ ఆగదు.)

సెక్రటరీ: 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నువ్వెక్కడున్నావో గానీ, ఈ సందులో నిలబడి ఉన్న బండి ఒక్కటి నాకు కనిపించలేదు.

302: తుఫానుకి చెట్లే ఆగలేదు, స్టాండ్‌ని అంటే ఎలా? మామూలు బీచ్ రోడ్ గాలికైతే ఉపాయం ఉంది. గాలి కుడివైపు నుంచి కొట్టేలా పెట్టుకోవాలి, బండిని స్టాండ్ మీదకే నొక్కుతుంది. ఎడమ నుంచి కొడితే పైకి లేపి అవతలికి పడేస్తుంది. హ్యాండిల్ ఎడమకి తిప్పి లాక్ చేస్తే ఇంకా నిలకడ.

సెక్రటరీ: హ్యాండిల్ ఎడమకి, బండి ఎడమకి. పక్కవాడి అద్దం నీ హ్యాండిల్‌కి, నీ సైలెన్సర్ వాడి కాలికి. రెండు బళ్ల జాగాలో ఒక బండి పడుతుంది. మన సెల్లార్ ఏమైనా ఆర్‌కే బీచా?

302: అది మాత్రం నిజమే.

(కుర్రాడు ఒప్పుకున్నది మొత్తం మీద రెండే సార్లు.)

సెక్రటరీ: ఇంకోటి. రోహిణి కార్తెలో రోడ్డు పక్కన పెట్టి టిఫినుకి వెళ్లావనుకో. తారు మెత్తబడి ఉంటుంది. తిరిగొచ్చేసరికి నీ సైడ్ స్టాండ్ అందులో దిగబడి, బండి సగం పడుకుని ఉంటుంది.

302: అందుకే డిక్కీలో చిన్న చెక్క ముక్క ఉంచుకుంటాను. స్టాండ్ కింద పెడితే దిగదు. వానకి నానిన మట్టిలోనూ అదే పని చేస్తుంది. మట్టిలో మీ డబుల్ స్టాండ్‌కి ఒక కాలు దిగి ఒకటి దిగకపోతే బండి అడ్డంగా పోతుంది, అదింకా డేంజర్. అసలు డబుల్ స్టాండే లేని బళ్లకి ఏం చెప్తారు? 105 వాళ్ల అబ్బాయిది యమహా ఆర్15 బండి. కంపెనీయే ఇవ్వలేదు. అతను బండి నెత్తిన పెట్టుకోవాలా?

సెక్రటరీ: ...అయితే నోటీసులో ఏం రాయమంటావు?

302: బండి రివర్స్‌లో పెట్టమని రాయండి. ముక్కు మెరకకి, తోక గోడకి. గేర్లున్న బండి ఫస్ట్ గేర్‌లో.

సెక్రటరీ: రోజూ రాత్రి రివర్స్‌లో ఎవడు పెడతాడయ్యా?

302: వాలు వెనక్కే కదా అంకుల్, బ్రేకు పట్టుకుని వదులుతుంటే అదే దిగుతుంది. ముక్కు గోడకి పెట్టిన వాళ్లే పొద్దున్న ఆఫీసు టైముకి బండిని వెనక్కి, అదీ ఎగువకి, ఈడుస్తున్నారు.

సెక్రటరీ గారు "చూద్దాం" అన్నారు. ఆయన డిక్షనరీలో దానికి వేరే అర్థం ఉంది. నోటీసు ఇవాళ్టికీ అలాగే ఉంది. నిన్న రాత్రి కిందికి వెళ్తే చివర్లో స్కూటీ కనిపించింది. ముక్కు మెరకకి ఉంది, డబుల్ స్టాండ్ వేసి ఉంది, ముందు బ్రేకుకి నల్లటి సైకిల్ ట్యూబు ముక్క రెండు చుట్లు చుట్టి ఉంది.