సవరణ: ఫ్యూయల్ ప్రెషర్ 3 బార్ ఎప్పుడు, 4 ఎప్పుడు?

టర్బో బండ్లకు ఫ్యూయల్ ప్రెషర్ 3 బార్ పెట్టుకోవాలని మొన్న రాసిన. బూస్ట్ (టర్బో ఇంజిన్‌లకు నెట్టే గాలి ఒత్తిడి) ఎక్కినా గేజ్ ముల్లు 3 మీదనే ఉండాలని నల్లగొండ దిక్కు కొందరు అనుకున్నరు. అట్ల కాదు, ఇంజిన్ పోతది. 3 బార్ అంటే పెట్రోల్ ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్‌ వాక్యూమ్ గొట్టం తీసి చూసే బేస్ ప్రెషర్. గొట్టం తగిలించినంక, 1 బార్ బూస్ట్ మీద ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే రైల్‌లో 4 బార్ రావాలె. రాకుంటే ఇంజెక్టర్‌కు ఇటు అటు (రైల్ దిక్కు 3, గాలి దిక్కు 1) తేడా 2 బారే. పెట్రోల్ దాదాపు 18 శాతం తగ్గుతది, మిక్చర్ లీన్ అయ్యి (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) నాకింగ్ (సిలిండర్ల పెట్రోల్ వేళ కాని వేళ పేలుడు) మొదలైతది, పిస్టన్ కరిగే దాకా పోవచ్చు. మన మే ఎండల్ల ఇంకా తొందరగ. ఇంజిన్‌లకు గాలి పోయే మానిఫోల్డ్‌కు పోయే ఆ సన్న గొట్టం పగిలిందా, క్లిప్ వదులైందా ముందు చూడుండ్రి.

ఇదంతా పోర్ట్ ఇంజెక్షన్ (సిలిండర్ బయట, గాలి దారిల పెట్రోల్ చిమ్మే) బండ్లకే. డైరెక్ట్ ఇంజెక్షన్ (సిలిండర్ లోపలికే చిమ్మే) బండ్ల హై ప్రెషర్ లైన్ మాత్రం ఇంటికాడ విప్పొద్దు.