గడియారానికి ప్రాణవాయువు

రాజ్యాంగం పౌరుడికి ఎన్నో హక్కులిచ్చింది. కారు బ్యాటరీ మార్చేటప్పుడు స్టీరియోలోని గడియారం ఆగకుండా చూసుకునే హక్కు మాత్రం ఎక్కడా రాయలేదు. ఆ గడియారం కారు కొన్ననాటి నుంచీ పావుగంట ముందుకే నడుస్తోందన్నది వేరే సంగతి. అది మన పావుగంట. ఇంటి దస్తావేజుల జిరాక్సు ఎక్కడుందో తెలియదు, పిల్లల పుట్టినరోజు ఫోటోలన్నీ పగిలిన ఫోన్‌తోపాటే పోయాయి, అయినా చలించలేదు. కానీ బ్యాటరీ మారుస్తున్నామంటే చాలు, 98.3 స్టేషను చెరిగిపోతుందేమోనని రాత్రిళ్లు నిద్రపట్టడం లేదు. ఇంతటి జాతీయ సమస్యపై ఇన్నాళ్లూ ఒక్క కమిషన్ కూడా వేయకపోవడం విచారకరం. కనీసం ఈ వ్యాసమైనా ఆ లోటు తీర్చాలి.

ముందు ఆస్తుల లెక్క తేల్చాలి. బ్యాటరీ తీస్తే ఓడోమీటరు పోదు. తాళంచెవిలోని చిప్పుని గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్ జ్ఞాపకమూ పోదు. ఇవి కరెంటు లేకున్నా నిలిచే మెమరీలో ఉంటాయి. (లక్ష కిలోమీటర్లు తిరిగిన బండి సున్నాకొస్తుందని ఆశపడి వచ్చినవారు ఇక్కడితో లేచి వెళ్లవచ్చు.) పోయేవి గడియారం, కొన్ని స్టీరియోల్లో స్టేషన్లు, ట్రిప్ మీటరు, సగటు మైలేజీ, ఒక్క నొక్కుతో పూర్తిగా పైకి లేచే కిటికీ తెలివి, ఇంజిన్ కంప్యూటర్ నెలల తరబడి నేర్చుకున్న ఐడిల్ (బండి నిలిచి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం), ఇంధనం సర్దుబాట్లు, ఈఎస్‌పీ (బండి అదుపు తప్పి జారకుండా చూసే ఏర్పాటు) ఉన్న కొన్ని బండ్లలో స్టీరింగ్ నిటారు కోణం. సగటు మైలేజీ పోవడం కొందరికి లాభమే. బంధువులకు చెప్పిన అంకెకూ తెర మీద కనిపించే అంకెకూ ఉన్న తేడా ఈ దెబ్బతో మాసిపోతుంది.

ఇప్పుడు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి. సెల్ఫ్ కొడితే 'టిక్' అని కూడా అనకుండా, లోపలి దీపం కూడా వెలగకుండా బ్యాటరీ పూర్తిగా పడిపోయిందా? అయితే సెట్టింగులు ఆ రాత్రే దివంగతమయ్యాయి. వాటిని కాపాడే పరికరం కోసం ఇప్పుడు ఆన్‌లైన్‌లో వెతకడం దశదిన కర్మ నాడు అంబులెన్సుకు ఫోన్ చేయడం. అయినా రోజూ జరిగేది అదే.

బ్యాటరీ బతికుందో లేదో చూడటానికి మల్టీమీటర్ చాలు. కారు రాత్రంతా కదలకుండా ఉన్నాక పొద్దున్నే కొలిస్తే 12.6 వోల్టులుండాలి. 12.2 ఉంటే సగం ఖాళీ. 12 కన్నా దిగితే దాదాపు అడుగంటినట్టే. సెల్ఫ్ కొట్టే క్షణంలో 9.6 కన్నా కిందికి పడితే లోపల సెల్లు బలహీనపడ్డాయని అర్థం, అది కూడా ముందు బాగా చార్జి చేసి చూస్తేనే చెల్లుతుంది. ఇంజిన్ నడుస్తుండగా, మామూలు ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిప్పితే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది) ఉన్న బండిలో 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. అక్కడ 12.4 చూపిస్తుంటే దోషం ఆల్టర్నేటర్‌ది, కొత్త బ్యాటరీ కొన్నా వారంలో అదీ పడిపోతుంది. అప్పుడు గడియారాన్ని రెండుసార్లు కాపాడుకోవచ్చు.

ఇక పరిరక్షణ మార్గాలు. మొదటిది సెల్లార్ మేధావులది. "ఇంజిన్ ఆన్‌లో పెట్టి బ్యాటరీ పీకెయ్ అన్నా. ఆల్టర్నేటర్ కరెంటు ఇస్తనే ఉంటది, ఒక్క సెట్టింగూ పోదు." సిద్ధాంతం సొగసుగానే ఉంది. అంబాసిడర్ల కాలంలో ఇలా చేసి బతికి బట్టకట్టినవారూ ఉన్నారు, ఎందుకంటే ఆ బండిలో కాలిపోవడానికి హెడ్‌లైట్ బల్బు తప్ప పెద్దగా ఏమీ లేదు. ఇప్పుడు ఆల్టర్నేటర్ పాతిక ముప్పై ఆంపియర్లు బ్యాటరీలోకి తోస్తున్న క్షణాన క్లాంపు ఊడిందనుకోండి. ఆ కరెంటుకు పోయే చోటుండదు. ఆల్టర్నేటర్ లోపల తిరిగే రోటర్ చుట్టలోని అయస్కాంత బలం వెంటనే తగ్గదు. వోల్టేజీని అదుపుచేసే రెగ్యులేటర్ తేరుకునేలోపు వోల్టేజీ ఎగుస్తుంది. దీన్నే లోడ్ డంప్ అంటారు. రక్షణ డయోడ్లున్న ఆల్టర్నేటర్ దాన్ని 35 వోల్టుల చుట్టుపక్కల ఆపుతుంది, లేనిది 100 దగ్గరికి వెళ్లగలదు. సెకనులో మూడో వంతు చాలు. సెట్టింగులు క్షేమంగా ఉంటాయి, వాటిని దాచుకున్న ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, మాత్రమే పోతుంది.

రెండో మార్గం సిగరెట్ లైటర్ సాకెట్‌లో 9 వోల్టుల చిన్న బ్యాటరీ గుచ్చడం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ చాలా కార్లలో తాళం తీయగానే ఆ సాకెట్‌కు కరెంటు ఆగిపోతుంది. అంటే మన చిన్న బ్యాటరీ ఏ తీగకూ అంటుకోకుండా ఒంటరిగా కూర్చుంటుంది. అంటుకున్నా 12 వోల్టులకు అలవాటుపడిన బండికి 9 ఏ మూలకు? ఎవరైనా తలుపు తీశారంటే లోపలి దీపం, బాడీ కంప్యూటర్ రెండూ మేలుకుంటాయి. ఆ బరువుకి చిన్న బ్యాటరీ చతికిలబడుతుంది.

మూడోదే నిజంగా పనిచేసేది. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టులో (మెకానిక్ తన స్కానర్ గుచ్చే సాకెట్) 16వ పిన్ను నేరుగా బ్యాటరీ ప్లస్, 4వ పిన్ను బాడీ ఎర్త్. ఈ రెంటికీ తీగలున్న మెమరీ సేవర్ కేబుల్ దొరుకుతుంది. దాని రెండో చివర యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ ఎంత దాచుకోగలదో చెప్పే కొలత) బ్యాటరీకి పెడితే చాలు. నిద్రపోతున్న కారు తాగేది 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు. ఆ లెక్కన 7 ఏహెచ్ రోజుల తరబడి వస్తుంది, మనకు కావాల్సింది పావుగంట. కేబుల్‌లో 3 నుంచి 5 ఆంపియర్ల ఫ్యూజు ఉండి తీరాలి. ఫ్యూజు లేని కేబుల్ చవగ్గా దొరుకుతుంది, దాని అసలు ధర తర్వాత తెలుస్తుంది.

అయితే ఈ పరికరం అమ్మేవాళ్లు పెట్టె మీద అచ్చువేయని మాటలు కొన్నున్నాయి. పాత బ్యాటరీ పూర్తిగా పడిపోయి ఉండగా కేబుల్ గుచ్చితే చిన్న బ్యాటరీ వెళ్లి పెద్దదాన్ని చార్జి చేయబోతుంది. సన్నని తీగల్లో అంత కరెంటు పారితే కేబుల్ ఫ్యూజో కారు ఫ్యూజో ఎగిరిపోతుంది. ఇంకోటి దీనికన్నా ముఖ్యం. మామూలుగా ముందు మైనస్ ఎందుకు తీస్తాం? బాడీ అంతా ఎర్తే కాబట్టి, ప్లస్ విప్పుతున్నప్పుడు పానా పక్కనున్న ఇనుముకు తగిలినా నిప్పులు రాకూడదని. సేవర్ పెట్టాక ఆ ధీమా చెల్లదు. మైనస్ క్లాంపు ఊడదీసినా ఓబీడీ తీగ ద్వారా బాడీకి ఎర్త్ అందుతూనే ఉంటుంది, ప్లస్ క్లాంపులో కరెంటు ఉంటూనే ఉంటుంది. కాబట్టి ప్లస్ క్లాంపు ఊడిన మరుక్షణం పాత సైకిల్ ట్యూబు ముక్కలో దూర్చి కట్టేయాలి. అది బాడీకి తగిలిందా, కేబుల్ ఫ్యూజుతోపాటు ఇంతసేపూ కాపాడిన సంస్కృతీ వారసత్వమంతా గాల్లో కలుస్తుంది.

నాలుగో మార్గం ఒక కాగితం, ఒక కలం. స్టేషన్ల అంకెలు రాసుకోవడం. ఇంత చవకబారు పద్ధతిని సిఫారసు చేయడానికి కలం సిగ్గుపడుతోంది గానీ, మన రోడ్ల మీది చిన్న కార్లలో పది బండ్లకు తొమ్మిదింటికి ఇదే సరైనది. స్టీరియోకి దొంగల భయం కోసం పెట్టిన కోడ్ ఉండి, ఆ కోడ్ కార్డు మాన్యువల్‌తో పాటు మొదటి ఓనరు దగ్గరే ఉండిపోయినవారికి సేవర్ తప్పదు. కోడ్ తప్పు కొడుతూ పోతే కొన్ని స్టీరియోలు గంటసేపు మూతి ముడుచుకుంటాయి.

కొనేటప్పుడు ఏహెచ్ ఒక్కటే అడిగి వచ్చేయకండి. 38బి20ఎల్ అన్న గుర్తులో 20 అంటే పొడవు సెంటీమీటర్లలో, బి అంటే వెడల్పు, ఎత్తుల కొలత, చివరి ఎల్ అంటే టెర్మినళ్లు ఏ వైపున్నాయో. ఎల్ ఉండాల్సిన చోట ఆర్ తెస్తే బ్యాటరీ చక్కగా ట్రేలో కూర్చుంటుంది, తీగ మాత్రం అందదు. దాన్ని లాగి అందించే శూరులున్నారు. మరికొందరు బ్యాటరీనే తిప్పిపెట్టి ప్లస్‌కు మైనస్ తగిలించేస్తారు. అదే సైజులో సన్న పోస్టులవీ (క్లాంపు తొడిగే సీసపు మొనలు) లావు పోస్టులవీ రెండు రకాలున్నాయి. సన్నదానికి పాత క్లాంపు వదులైతే మధ్యలో రేకు ముక్క దూర్చడం మన ఇంజినీరింగ్ సంప్రదాయం, తర్వాత నట్టనడి రోడ్డులో బండి ఆగడం దాని అనుబంధం. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగే బండి అయితే ఈఎఫ్‌బీ, ఏజీఎం అనే గట్టి రకాల్లో కంపెనీ ఏది పెట్టిందో అదే పెట్టాలి. మామూలుది పెడితే డబ్బు మిగులుతుంది, ఏడాది పాటు. తయారీ తేదీ చూసి, ఆరు నెలలు దాటి అంగట్లో మగ్గినదాన్ని అక్కడే ఉంచేయండి. అది తిరుపతి పక్కన కరకంబాడిలో పుట్టిందైనా సరే, స్వామివారి దయ గిడ్డంగిలోని సల్ఫేషన్‌కు (వాడకుండా మగ్గిన బ్యాటరీ పలకల మీద పేరుకునే గట్టి పొర) వర్తించదు.

మన ఎండల గురించి ఒక మాట. బ్యాటరీ చలికాలం పొద్దున మొరాయిస్తుంది కాబట్టి పాపం చలికి చచ్చిపోయిందనుకుంటాం. చంపింది మే నెల. వేడికి లోపలి సీసపు జల్లెడలు తుప్పుపట్టి, నీరు ఆవిరై, ప్రాణం అప్పుడే సగం పోయి ఉంటుంది. డిసెంబరు మరణ ధ్రువపత్రం మాత్రమే ఇస్తుంది.

పనిలోకి దిగుదాం. రాహుకాలం చూసుకోవడం మీ ఇష్టం, కానీ ఇగ్నిషన్ ఆపి పావుగంట ఆగడం ఇష్టాయిష్టాల విషయం కాదు, కంప్యూటర్లన్నీ నిద్రపోవాలి. కిటికీ ఒకటి దించి ఉంచండి, తాళంచెవి జేబులోనే ఉండాలి. బ్యాటరీ తిరిగి పెట్టగానే కొన్ని బండ్లు తమంతట తామే లాక్ చేసుకుంటాయి. ఉంగరం, వాచీ తీసేయండి. పది నంబరు పానాతో ముందు మైనస్ వదులుచేసి, తీగను పక్కకు వంచి గుడ్డ చుట్టండి. తర్వాత ప్లస్. తర్వాత బిగింపు పట్టీ. మైనస్ క్లాంపు మీద చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటే అది బ్యాటరీ సెన్సర్. స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదీస్తే విరుగుతుంది, దాని ధరకు రెండో బ్యాటరీ రావచ్చు. క్లాంపుల మీది తెల్ల, ఆకుపచ్చ బూజుకు గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్షుతో రుద్దాలి. కూల్‌డ్రింకు పోసే ఆచారం కూడా ఉంది, చీమలకు అది చాలా నచ్చుతుంది.

కొత్తదాన్ని నిటారుగా పట్టుకుని దించండి. 35 ఏహెచ్‌ది పది కిలోలకు అటూఇటూ ఉంటుంది, నడుముతో కాదు మోకాళ్లతో ఎత్తాలి. పట్టీ బిగించాకే తీగలు. ముందు ప్లస్, చివర మైనస్. పోస్టు సీసంతో చేసింది, మెత్తన. భుజబలం చూపిస్తే గొంతు పిసికినట్టే. చేత్తో తిప్పితే క్లాంపు కదలకపోతే చాలు. వాజలైన్ బిగించాక పైన పూయాలి, మధ్యలో కాదు. మైనస్ తగిలించేటప్పుడు చిటికెడు నిప్పురవ్వ మామూలే. పెద్ద రవ్వ వచ్చిందంటే ఏదో వెలుగుతూనే ఉంది, ఆగి వెతకండి. సేవర్ పెట్టినవారు అన్నీ బిగించాకే దాన్ని పీకాలి.

సేవర్ పెట్టనివారి బండి ఇప్పుడు కాసేపు గుణింతాలు మళ్లీ నేర్చుకుంటుంది. ఏసీ, లైట్లు ఆపి స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ ముట్టకుండా రేడియేటర్ ఫ్యాను తిరిగేదాకా వదిలేయండి. ఆపైన ఐదు నిమిషాలు అలాగే, తర్వాత ఏసీ వేసి ఇంకో ఐదు. ఆర్‌పీఎం కాస్త ఊగినా కంగారు వద్దు. పదేపదే ఆగిపోతోందంటే తప్పు కొత్త బ్యాటరీది కాదు. ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీలో పేరుకున్న మసిని ఈసీయూ ఇన్నాళ్లూ సర్దుకుంటూ వచ్చింది, ఇప్పుడా సర్దుబాటు మరచిపోయింది. మసి తుడిస్తే కుదురుకుంటుంది. షాపువాడి మీదికి యుద్ధానికి వెళ్లేముందు ఇది గుర్తుంచుకోండి. కిటికీని పూర్తిగా దించి, పైకి లేపి, మూసుకున్నాక కూడా స్విచ్చు రెండు మూడు సెకన్లు పట్టి ఉంచితే ఆటో వస్తుంది. ఏ తలుపుకా తలుపుకు విడిగా చేయాలి. ఈఎస్‌పీ దీపం వెలుగుతుంటే స్టీరింగ్ పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి, తిన్నగా కొంతదూరం నడిపితే చాలా బండ్లలో ఆరిపోతుంది. కొన్ని ఖరీదైన జర్మన్ బండ్లు మాత్రం కొత్త బ్యాటరీని స్కానర్‌తో నమోదు చేయించేదాకా పాతదే ఉందనుకుని చార్జి చేస్తాయి. వాటి యజమానులు ఎలాగూ పది నంబరు పానా పట్టరు.

మిగిలింది పాత బ్యాటరీ. మెట్ల కింద ఇన్వర్టర్ పక్కన దాన్ని ప్రతిష్ఠించకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని చెత్తలో కలపకుండా సేకరించేవాళ్లకు అప్పగించాల్సింది వాడినవాళ్లే. పైగా లోపల కిలోల కొద్దీ సీసం ఉంది, అందుకే కొత్తది అమ్మే షాపువాడు దాన్ని తీసుకుని ధర తగ్గిస్తాడు. ఆ తగ్గింపు ముందే అడగాలి, బిల్లు కొట్టాక అడిగితే చిరునవ్వే వస్తుంది. వారంటీ కార్డు మీద సీరియల్ నంబరు, తేదీ, ముద్ర మూడూ అక్కడే వేయించండి. అందులో ఎన్ని నెలలు ఉచితంగా మారుస్తారో, ఎన్ని నెలలు వాటా డబ్బు కట్టించుకుంటారో విడిగా చదవండి. ఆపైన బిల్లుకు ఫోన్లో ఫోటో తీసిపెట్టుకోండి. డ్యాష్‌బోర్డు అరలో ఎండకు ఆ థర్మల్ కాగితం మీది అక్షరాలు వారంటీ కన్నా ముందే వెళ్లిపోతాయి.