మడత ఆ నల్ల గీత దగ్గరే ఎందుకు పడుతుందంటే
వేడి తగిలితే తనంతట తనే మడత పడే ప్లాస్టిక్ షీట్ గురించి ఈ పోస్టులో బాగా రాసినారండీ, కానీ మడత దాని మీద కొట్టిన నల్ల గీత దగ్గరే ఎందుకు పడుతుందో ఒక్క ముక్కలో తేల్చేశారు, అసలు విషయమంతా అక్కడే ఉండాది. ఆ షీట్‌ని తయారుచేసేటప్పుడే వేడి మీద సాగదీసి అట్నే చల్లార్చేస్తారు, ఆ బిగువు లోపలే నిలిచిపోతుంది, మళ్ళీ 100 డిగ్రీలు దాటితే పాత సైజుకి వచ్చేయాలని చూస్తుంది. మామూలు ప్రింటర్‌తో నల్ల గీత కొట్టి ఇన్‌ఫ్రారెడ్ లైట్ (కంటికి కనబడని వేడి కిరణాలిచ్చే దీపం) కింద పెడితే నలుపు వేడిని ఎక్కువ పీల్చుకుంటుంది, గీత ఉండే పైవైపు ముందు కుంచించుకుపోతుంది, కిందివైపు ఇంకా అంత వేడెక్కి ఉండదు కాబట్టి షీట్ పైకి లేస్తుంది. గీత వెడల్పు పెంచితే మడత కోణం కూడా పెరుగుతుంది, నాకు భలే నచ్చింది ఇదే! నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2011లో చూపించినారు దీన్ని.

పైన కామెంట్లో ఒకాయన ఇదంతా పిల్లల ఆట అన్నారు, అట్లా తీసిపారేయొద్దన్నా. 2014లో హార్వర్డ్, ఎంఐటీ వాళ్ళు వేడికి కుంచించుకునే షీట్‌తోనే రోబో చేసినారు, చదునుగా పరిచిపెడితే దాదాపు 4 నిమిషాల్లో తనే మడుచుకుని లేచి నడుచుకుంటా పోయింది. వేడికి పాత ఆకారానికి వచ్చేయడమనేది వైద్యంలోనూ ఉండాది, కాలి రక్తనాళాలు మూసుకుపోకుండా లోపల వేసే నిటినాల్ (నికెల్, టైటానియం కలిపిన లోహం) స్టెంట్లు, అంటే సన్నటి జాలీ గొట్టాలు, కూడా ఒంటి వేడికి విచ్చుకునేవే.

మా తిరుపతి ఎండకి ఆ షీట్ మడత పడదులెండి, 45 డిగ్రీలు చాలవు. అలిపిరి దారిలో ఉండే సైన్స్ సెంటర్‌లో ఒక ఇన్‌ఫ్రారెడ్ బల్బు పెట్టి పిల్లకాయలకి ఇది చూపిస్తే ఎంత బాగుంటుందో, ఎవరన్నా పూనుకుంటే నేనూ వస్తా.