ఒకే సరుకు, మూడు లెక్కలు: ఫైర్ క్లెయిమ్‌లో మన తరఫు మనిషి ఎవరు?

గోడౌన్ కాలాక ఒకటి రెండు రోజుల్లో నష్టం లెక్కగట్టే బీమా సర్వేయర్ వస్తాడు. ఫొటోలు తీస్తాడు, తడి బూడిదను కర్రతో కెలికి చూస్తాడు, ఓనర్ ఇచ్చిన టీ తాగి "కంగారు పడకండి, చూద్దాం" అంటాడు. ఆ ఒక్క మాటతో చాలామంది వ్యాపారులు ఆయన్ను తమ మనిషి అనుకుంటారు. 1938 బీమా చట్టం ప్రకారం పెద్ద నష్టాలను లైసెన్సున్న సర్వేయరే అంచనా వేయాలి. నిష్పక్షపాతంగా ఉండాలన్న నియమమూ ఉంది. కానీ ఆయన్ను పెట్టేదీ, ఫీజు ఇచ్చేదీ బీమా కంపెనీ. ఆయన చెడ్డవాడని కాదు. మీ తరఫున లెక్క చెప్పడం మాత్రం ఆయన పని కాదు.

మరి ఎవరి పని? అమెరికాలో చాలా రాష్ట్రాలు పాలసీదారు తరఫున క్లెయిమ్ నడిపే పబ్లిక్ అడ్జస్టర్లకు లైసెన్సు ఇస్తాయి. మన దగ్గర ఆ లైసెన్సే లేదు. పాలసీ బ్రోకర్ ద్వారా తీసుకుంటే క్లెయిమ్‌లో అతని సాయం అడగొచ్చు. అలా తీసుకోని చిన్న వ్యాపారి చుట్టూ 'క్లెయిమ్ కన్సల్టెంట్లు' చేరతారు. వాళ్లలో బీమా కంపెనీల్లో చేసి రిటైరైన, పని తెలిసినవాళ్లున్నారు. వట్టి దళారులూ ఉన్నారు. "సర్వేయర్ మనవాడే, వచ్చినదాంట్లో ఇంత శాతం ఇవ్వండి చాలు" అనేవాడి దగ్గర రెండో టీ తాగొద్దు. హైదరాబాద్‌లో కూర్చున్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఈ వృత్తికీ లైసెన్సు, జవాబుదారీ పెట్టాలన్నది నా అభిప్రాయం.

అసలు పేచీ మంట దగ్గర కాదు, సరుకు లెక్క దగ్గర వస్తుంది. మన బజార్లలో ఒకే సరుకుకు మూడు లెక్కలుండటం కొత్తేమీ కాదు. సీసీ లిమిట్ (సరుకు మీద బ్యాంకు ఇచ్చే అప్పు పరిమితి) తగ్గకుండా బ్యాంకుకిచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో ఎక్కువ. పన్ను లెక్కల్లో తక్కువ. అసలుది గుమాస్తా నోట్‌బుక్‌లో. సర్వేయర్ మూడూ అడుగుతాడు. బ్యాంకుకు చెప్పిన పెద్ద అంకె అప్పుడే ఎదురు తిరుగుతుంది: ఆ అంకె లెక్కన చూస్తే బీమా తక్కువ పడుతుంది, ఆ మేరకు క్లెయిమ్‌లోనూ కోత పడుతుంది. కోటి రూపాయల సరుకుకు 60 లక్షలకే బీమా ఉందనుకోండి. 20 లక్షల సరుకు కాలితే వచ్చేది 12 లక్షలే. చిన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష'లో 15 శాతం వరకు ఈ లోటును పట్టించుకోరు. అంతకు మించితే కోత తప్పదు.

నాకు తెలిసిన ఒక బట్టల వ్యాపారి ఈ మూడు లెక్కల మధ్య నెలల తరబడి నలిగాడు. చివరికి ఆయన సీఏ కూర్చుని కొనుగోలు బిల్లులు, ఈ-వే బిల్లులు, లారీ రసీదులు, జీఎస్టీ రిటర్నులు పక్కపక్కన పెట్టాడు. ఏడాది మొదట్లో ఉన్న సరుకుకు కొన్నది కలిపి, అమ్మినదాన్ని కొన్న ధరకు లెక్కగట్టి తీసేసి, మంట రోజుకు మిగిలింది ఇంత అని ఒక్క పేజీలో తేల్చాడు. అప్పటిదాకా తన లెక్క మీదే పట్టుబట్టిన సర్వేయర్ ఆ పేజీ ముందు పెట్టుకుని మాట్లాడాడు. నేను వృత్తి సాయం అనేది దీన్నే. ఇది మొదటి వారంలోనే జరగాల్సింది. నష్టం వివరాలు 15 రోజుల్లో రాసివ్వాలన్న షరతు మామూలు ఫైర్ పాలసీల్లో ఉంటుంది మరి. క్లెయిమ్ తయారీకయ్యే ఖర్చు కూడా పాలసీ నుంచి రావాలంటే దానికి యాడ్-ఆన్ (అదనపు కవరు) ముందే తీసుకుని ఉండాలి.

లాయర్ అవసరం తర్వాత సంగతి. సర్వేయర్ రిపోర్టే ఆఖరి మాట కాదని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. సూక్ష్మ సంస్థలైతే 50 లక్షల లోపు వివాదాన్ని ఖర్చు లేకుండా బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గర పెట్టొచ్చు. 'ఫుల్ అండ్ ఫైనల్' అని, అంటే ఇక అడిగేదేమీ లేదని రాసున్న డిశ్చార్జ్ వోచర్ మీద మాత్రం తెలిసినవాళ్లకు చూపించాకే సంతకం పెట్టాలి.

ఆ బట్టల వ్యాపారికి డబ్బు వచ్చింది, కానీ బ్యాంకు పేరు మీద. క్లెయిమ్ డబ్బు అప్పిచ్చిన బ్యాంకుకే చెల్లించాలనే బ్యాంక్ క్లాజ్ పాలసీలో ఉందని ఆయనకు ఆ రోజే తెలిసింది.